నాలుగడుగుల ఫిష్ ట్యాంకు, నాలుగున్నర క్వింటాళ్ల బరువు

ఇంట్లో పెద్ద అక్వేరియం పెట్టుకోవడం గురించి కిందటి సంచికలో రాసాక ఉత్తరాలు, మెసేజ్‌లు బాగానే వచ్చాయి. చేపల జబ్బుల గురించి ఎక్కువ అడుగుతారనుకున్నా కానీ సగానికి పైగా స్టాండు గురించే. నాకు చాలా సంతోషంగా అనిపించింది, ఎందుకంటే చేపల మీద వేలు పోసి స్టాండు దగ్గర మూడొందలు మిగుల్చుకునే వాళ్లనే నేను ఎక్కువ చూసా. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసా, ఊళ్లు మాత్రమే ఇస్తున్నా, పేర్లు వెయ్యట్లేదు.

ప్రశ్న: సార్, 4 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, 2 అడుగుల ఎత్తు ట్యాంకు ఆర్డర్ ఇచ్చాను. షాపులో స్టాండు రేటు మరీ ఎక్కువ చెప్పారు. మా వీధిలో గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే వెల్డింగ్ అన్న ఉన్నాడు, అంగుళం పైపుతో నాలుగు కాళ్లు పెట్టి చేసిస్తా, ఏనుగు ఎక్కినా ఏం కాదు అంటున్నాడు. నమ్మొచ్చా? (గుంటూరు)

జవాబు: ఆ అన్న పని మంచిదే అయ్యుండొచ్చు కానీ ఆయన చేసే గేటు బరువు మొయ్యదు, వేలాడుతుంది. మీది రాత్రీ పగలూ, పండగా పబ్బం లేకుండా ఏళ్ల తరబడి బరువు మోసేది. ముందు ఆ బరువెంతో మీరిద్దరూ కూర్చుని లెక్కేసుకోండి. 4 × 1.5 × 2 అంటే 12 ఘనపుటడుగులు, ఒక ఘనపుటడుగుకి 28.3 లీటర్లు, మొత్తం 340 లీటర్లు. అద్దం మందం, పైన వదిలే రెండంగుళాల ఖాళీ తీసేస్తే నీళ్లు 300 లీటర్ల దాకా పడతాయి, లీటరుకి కేజీ చొప్పున 300 కేజీలు. అద్దం చదరపు మీటరుకి, ప్రతి ఎంఎం మందానికి రెండున్నర కేజీలు తూగుతుంది, మీ ట్యాంకుకి 10 ఎంఎం వేస్తే 65, 12 వేస్తే 78 కేజీలు. ఇసుక రెండంగుళాలు పరిస్తే 45 కేజీలు. ఇంక రాళ్లు, మొద్దు, ఫిల్టరు, పైన లైటు, స్టాండు సొంత బరువు అన్నీ కలిపితే నాలుగున్నర క్వింటాళ్లు. పాతిక కేజీల బియ్యం బస్తాలు పద్దెనిమిది మీ హాల్లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఆ పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారనుకోండి, సరిగ్గా అంత.

ఇప్పుడు అసలు విషయం. ఇనుము తెగిపోతుందేమో అని అందరూ భయపడతారు. తెగదు, ఇనుము వంగుతుంది, మనకి ఆ వంపే ప్రమాదం, ఎందుకంటే పైన కూర్చున్నది అద్దం, అది ఇనుముతో పాటు వంగదు. 40 ఎంఎం స్క్వేర్ పైపు, 2 ఎంఎం మందం, అంటే షాపులో 14 గేజ్ అంటారు చూడండి, దాంతో నాలుగు మూలల్లో నాలుగు కాళ్లే పెట్టి చేస్తే ముందువైపు 4 అడుగుల పైపు మీద 200 కేజీల పైచిలుకు పడుతుంది. పైపు ఆ బరువుని తేలిగ్గానే మోస్తుంది, కానీ మధ్యలో సుమారు 3 ఎంఎం కిందకి దిగుతుంది. 3 ఎంఎం కంటికి కనపడదు. అద్దం అడుగుకి మాత్రం అది తెలుస్తుంది, మధ్యలో ఆధారం లేక రెండు కొనల మీద నిలబడాల్సొస్తుంది, సిలికాన్ అతుకులు ఆ లాగుడుని మోస్తూ ఉంటాయి, ఒకరోజు రాత్రి రెండింటికి టప్ మంటుంది.

దానికి మందు పెద్ద పైపు కొనడం కాదు, మధ్యలో ఇంకో జత కాళ్లు, అంటే ఆరు కాళ్లు. పైపు మీద ఒకే బరువు పరుచుకుని ఉన్నప్పుడు కాళ్ల మధ్య దూరం సగం చేస్తే వంపు సగం కాదు, పదహారో వంతుకి పడిపోతుంది. 3 ఎంఎం కాస్తా గీత మందం అంటే 0.2 ఎంఎం అవుతుంది. ఇంకో రెండు కాళ్లకి పైపు ముక్కలు కోసినంత ఖర్చుకి ఇంత లాభం ఇంకెక్కడా రాదు, నేను ఎవరికి చెప్పినా ముందు చెప్పేది ఇదే. మీ అన్న చెప్పిన అంగుళం పైపు 18 గేజ్‌లో (గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలచన) నాలుగు కాళ్లతో అయితే వంగి మళ్లీ లేవకుండా అలాగే ఉండిపోతుంది. ఏనుగు సంగతి వదిలెయ్యండి, దానిమీద మీ ట్యాంకు మాత్రం పెట్టొద్దు.

ఇంక వెల్డింగ్ ఎలా చేయించాలి అంటే, పై ఫ్రేము కాళ్ల పక్కన అతికించకూడదు, కాళ్ల నెత్తిన కూర్చోవాలి. పక్కన అతికిస్తే మొత్తం బరువు వెల్డు మీద వేలాడుతుంది. నెత్తిన కూర్చుంటే వెల్డులో ఏదైనా లోపమున్నా బరువు పైపు నుంచి కాలిలోకి, కాలి నుంచి నేలలోకి తిన్నగా దిగిపోతుంది. పై ఫ్రేములో వెడల్పు వైపు కూడా మధ్య కాళ్ల మీదుగా ఒక అడ్డపట్టీ, దానికి అటూ ఇటూ ఒక్కొక్కటి వేయించండి. కింద కూడా చుట్టూ ఫ్రేము ఉండాలి, కాళ్లు విడివిడిగా వదలొద్దు. ఇలా చేస్తే 20 అడుగుల పైపులు మూడు పడతాయి, కొంచెం తరుగు పోను సరిపోతుంది.

ముక్కలన్నీ చదునైన నేల మీద పరిచి ముందు టాకులు, అంటే చిన్న చుక్క వెల్డులు మాత్రమే వేసి మూలమూలకి టేపు పెట్టి చూడమనండి, రెండు కర్ణాలూ సమానంగా ఉంటేనే ఫుల్ వెల్డింగ్ చెయ్యాలి, అది కూడా ఒక మూల వేసాక ఎదురు మూల, అలా మార్చి మార్చి, లేకపోతే వేడికి ఫ్రేము మెలి తిరుగుతుంది. పైన కనపడే వెల్డు గడ్డలన్నీ గ్రైండింగ్ చేసి చేత్తో రాస్తే తగలకుండా ఉండాలి. ఒక్క గడ్డ మిగిలినా ఆ ఒక్క చోటే అద్దం నొక్కుకుంటుంది.

ఊగుడు గురించి కూడా చెప్పాలి. కిందకి తోసే బరువుతో స్టాండు పడిపోవడం నేను చూళ్లేదు, పక్కకి ఒరిగి పడిపోవడం చూసా. అందుకే వెనక వైపు ఏటవాలుగా రెండు పట్టీలు గుణకారం గుర్తులా వేయించండి, పక్కలకి ఒక్కో ఏటవాలు పట్టీ, ముందు తలుపులు కావాలి కాబట్టి అక్కడ మూలల్లో మూడు కోణాల రేకు ముక్కలు, అరచెయ్యంత చాలు. అయిపోయాక ఖాళీ స్టాండుని భుజంతో గట్టిగా నెట్టి చూడండి, కిరకిర అనకూడదు, అల్లాడకూడదు.

ఇంకో మాట, ట్యాంకు ఇంటికొచ్చాక దాన్ని కొలిచి స్టాండు చేయించండి, ఆర్డర్ కాగితం చూసి కాదు. అరంగుళం అటూ ఇటూ రావడం చాలా మామూలు, అద్దం అంచు ఫ్రేము దాటి గాల్లో ఉంటే మనం చేసిన పని అంతా వృథా.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఇక్కడ బండలకి కొదవ లేదు. ఇటుకలతో రెండు దిమ్మెలు కట్టి పైన కడప బండ వేసి దానిమీద 4 అడుగుల ట్యాంకు పెడితే సరిపోదా అన్నా? తుప్పు ఉండదు, చెదలు ఉండవు.

జవాబు: సొంతిల్లయితే నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే తమ్ముడూ. మన ఇళ్లల్లో వంటగది గట్లు, అలమరాలు, ధాన్యం బస్తాల కింద అరుగులు అన్నీ ఈ బండలే కదా, బేతంచెర్ల బండైనా తాండూరు బండైనా ఏదైనా పర్లేదు. ఒక్క విషయంలో మాత్రం బండ మోసం చేస్తుంది. నొక్కితే ఎంతైనా తట్టుకుంటుంది, వంచితే తట్టుకోదు. రెండు చివర్ల దిమ్మెలు పెట్టి మధ్యలో నాలుగడుగులు ఖాళీ వదిలితే బండ అడుగున చీలిక మొదలై చెప్పాపెట్టకుండా రెండు ముక్కలవుతుంది. ఇనుము వంగి మనకి కనీసం సూచన ఇస్తుంది, రాయి అది కూడా ఇవ్వదు. లోపల కంటికి కనపడని నెర్రె ఉంటే ఇంకా ముందే పోతుంది, కొనేటప్పుడు బండ నిలబెట్టి సుత్తి పిడితో కొట్టి వినండి, ఖంగుమంటే మంచిది, డప్పుమంటే వదిలెయ్యండి.

అందుకని రెండు కాదు మూడు దిమ్మెలు కట్టండి, చివర్లలో రెండు, నట్టనడిమి ఒకటి. ఒక్కొక్కటి ముందు నుంచి వెనక్కి ఒకటిన్నర అడుగు పొడవు, నాలుగున్నర అంగుళాల మందం గోడ. మాలు వేసే కట్టాలి, ఊరికే ఇటుక మీద ఇటుక పేర్చి పెట్టేయకండి, అలా పేర్చినవి పిల్లాడి సైకిల్ తగిలితే కదులుతాయి. వెనకాల గోడకి ఆనించి దిమ్మెల మధ్య వెనకవైపు కూడా ఒక గోడ లేపితే ఇంక అది ఒరిగే ప్రశ్నే లేదు. కట్టాక కనీసం వారం రోజులు తడపండి, ఆ వారం ఓపిక పట్టండి, ఆదివారం కట్టి బుధవారం నీళ్లు పోసినోళ్లు ఉన్నారు.

బండ పరిచేటప్పుడు మూడు దిమ్మెల నెత్తిన పలచగా తడి మాలు వేసి దానిమీద బండ కూర్చోబెట్టి రసమట్టం చూస్తూ సర్దండి. మూడింటిలో నడిమిది ఒక్క నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) ఎత్తయినా బండ తూగుటుయ్యాల అవుతుంది. తర్వాత బండ మీద ఉన్న చిన్న చిన్న ఎగుడుదిగుళ్లకి ఒక ప్లైవుడ్ షీటు, పైన థర్మాకోల్ షీటు. థర్మాకోల్ గురించి కింద ఇంకో ఉత్తరానికి వివరంగా రాసా, చూడండి.

ప్రశ్న: కోనసీమలో మా తాతగారి పెంకుటిల్లు తీసేశాం. పాత టేకు గుమ్మాలు, దూలాలు చాలా ఉన్నాయి. అమ్మబుద్ధి కాలేదు. వాటితో అక్వేరియం స్టాండు చేయిస్తే బరువు ఆగుతుందా? వడ్రంగి స్క్రూలు కొడితే చాలంటున్నాడు. (అమలాపురం)

జవాబు: అమ్మకుండా మంచి పని చేశారండి. అంత ఆరిన టేకు ఇవాళ ఏ అడితిలోనూ దొరకదు, కొత్త కర్ర కొంటే ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది, మీ దగ్గరున్నది దశాబ్దాల పాటు తిరగాల్సినదంతా తిరిగేసి స్థిరపడిన కర్ర. తాతగారి గుమ్మం మళ్లీ హాల్లో నిలబడుతుందంటే నాకే ఆనందంగా ఉంది.

కోత మిల్లుకి పంపే ముందు పాత మేకులన్నీ ఏరించండి, ఒక్క మేకున్నా వాళ్ల బ్లేడు పోతుంది. చెద తిన్న చోటు, తడికి మెత్తబడ్డ చివర్లు కోసి పారెయ్యండి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగే కర్ర పనికిరాదు. 4 × 3 అంగుళాల ముక్కలు వస్తే పై ఫ్రేముకి అదే ఎక్కువ. ఆ ముక్కని పడుకోబెట్టొద్దు, నాలుగంగుళాల వైపు నిలువుగా ఉండేలా పెట్టించండి, అదే కర్ర, అదే ఖర్చు, గట్టిదనం ఒకటిముప్పావు రెట్లు.

స్క్రూల మాటకొస్తే ఇక్కడే మీ వడ్రంగితో నేను ఒప్పుకోను. స్క్రూ కర్రల్ని దగ్గరికి పట్టుకోడానికి, బరువు మొయ్యడానికి కాదు. కాలికి పక్కన అడ్డపట్టీ పెట్టి రెండు స్క్రూలు కొడితే ట్యాంకు బరువంతా ఆ రెండు స్క్రూల మెడ మీద ఉంటుంది, చెక్క ఆ చోట నెమ్మదిగా నలుగుతుంది. కాలి పైభాగంలో గాడి కొట్టించి అడ్డపట్టీ ఆ గాడిలో కూర్చునేలా చేయిస్తే చెక్క మీద చెక్క ఉంటుంది, అప్పుడు స్క్రూలన్నీ విప్పేసినా బరువు కిందకి దిగదు. మనవాళ్లు మేకు లేకుండా మండువా ఇళ్లకి దూలాలు ఎక్కించారు, మీ ఇంటి దూలాల చివర్లు ఒకసారి చూడండి, గాడి ఎలా కొట్టాలో అక్కడే ఉంటుంది. గాడి కొట్టడం కుదరని చోట కాలి పక్కనే ఇంకో కర్ర ముక్క నేల నుంచి అడ్డపట్టీ అడుగు దాకా నిలబెట్టి అతికించినా అదే పని చేస్తుంది.

పైన పరిచే షీటు దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. 19 ఎంఎం ప్లైవుడ్, షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది, బీడబ్ల్యూపీ అంటారు, షాపుల్లో మెరైన్ ప్లై అని కూడా పిలుస్తారు, అదే తీసుకోండి. ఐఎస్ 303 రకం మామూలు ఫర్నిచర్‌కి బాగానే ఉంటుంది కానీ అందులో మామూలుగా అమ్మే ఎంఆర్ గ్రేడు నీళ్ల పక్కన రోజూ తడిస్తే పొరలు విడిపోతాయి. పార్టికల్ బోర్డు అయితే అసలు దగ్గరికే రానివ్వకండి. ఇది నేను అనుభవించి చెప్తున్నా. నా మొదటి 3 అడుగుల ట్యాంకు ఒక షాపులో కొన్న టీవీ యూనిట్ మీద పెట్టా, పైన మెరిసే మైకా, లోపల పార్టికల్ బోర్డు, ఆ సంగతి నాకు తెలీదు. ఫిల్టర్ పైపు వెంట ఒక్కో చుక్క కారి వెనక అంచులోకి దిగేది. ఎనిమిది నెలల్లో ఆ అంచు బిస్కెట్ నానినట్టు ఉబ్బింది, ట్యాంకు ముందుకి ఒరిగింది, తెల్లవారి లేచేసరికి ఒక మూల సిలికాన్ విడిపోయి హాలంతా నీళ్లు, రెండు గోల్డ్ ఫిష్‌లు సోఫా కింద దొరికాయి. మూడేళ్లు పెంచినవి. మా అమ్మాయి ఆ రోజు స్కూలుకి వెళ్లలేదు. అప్పటినుంచే స్టాండు విషయంలో నేను ఇంత పట్టుదలగా ఉంటాను.

ప్రశ్న: మియాపూర్‌లో మా ఫ్లాట్ ఐదో అంతస్తు. 4 అడుగుల ట్యాంకు పెడతానంటే మా ఆవిడ స్లాబు కూలుతుందని భయపడుతోంది. స్లాబు ఆగుతుందా అండి?

జవాబు: ఆవిడ అడిగింది సరైన ప్రశ్నే, చాలామంది అడగరు. మన దేశంలో ఇళ్ల గదుల స్లాబులకి ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం చదరపు మీటరుకి 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కేజీలు లెక్క పెట్టుకుని డిజైన్ చేస్తారు. మీ ట్యాంకు కింద నేల అర చదరపు మీటరు పైన కొంచెం, అక్కడ పడేది నాలుగున్నర క్వింటాళ్లు, చదరపు మీటరు లెక్కన చూస్తే 800 కేజీలు దాటుతుంది. ఈ ఒక్క అంకె చూసి కంగారు పడొద్దు, స్లాబు ఆ బరువుని చుట్టూ పంచుకుంటుంది. 12 × 14 గది మొత్తానికి ఆ లెక్కన మూడు టన్నులు వస్తుంది, మీ ట్యాంకు అందులో ఆరో ఏడో వంతు. ఐదారుగురు మనుషులు ఒకచోట దగ్గరగా నిలబడి ఫోటో దిగినంత. తేడా ఏంటంటే వాళ్లు ఫోటో దిగి వెళ్లిపోతారు, ట్యాంకు వెళ్లదు.

అందుకే చోటు ముఖ్యం. గది మధ్యలో వద్దు. కింద బీమ్ ఉన్న గోడ పక్కన, వీలైతే పిల్లర్ మూలకి దగ్గరగా, ట్యాంకు పొడవు గోడ వెంబడే ఉండేలా పెట్టండి. బీమ్ ఎక్కడుందో తెలియకపోతే మీ హాలు సీలింగ్ చూడండి, పై ఇంటికున్న బీములే మీ కిందా అదే చోట ఉంటాయి, ఫాల్స్ సీలింగ్ ఉంటే కింద ఫ్లోర్ వాళ్లని అడగొచ్చు. బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లో పెట్టకండి. 6 అడుగుల ట్యాంకు, 800 లీటర్ల పైమాట అయితే, లేదా బిల్డింగ్ పాతదై సీలింగ్‌లో తుప్పు మరకలు, పగుళ్లు కనపడుతుంటే నా కాలమ్ చదివి నిర్ణయం తీసుకోవద్దు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి చూపించండి.

ఫ్లాట్లలో ఇంకోటి ఉంది, విట్రిఫైడ్ టైల్స్. కొన్ని టైల్స్ కింద మాలు సరిగా పడక డొల్లగా ఉంటాయి. రూపాయి బిళ్లతో కాళ్లు వచ్చే చోట్లన్నీ తట్టి వినండి. డొల్లగా మోగిన చోట కాలు పడితే టైల్ పగిలి ఆ కాలు రెండు ఎంఎం దిగుతుంది, మొదటి జవాబులో చెప్పిన కథ మళ్లీ మొదలు. కాళ్ల కింద మూడంగుళాల ఇనుప పలకలు, వాటి కింద రబ్బరు ముక్కలు వేయించుకోండి, బరువు పరుచుకుంటుంది.

ప్రశ్న: డాలస్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ హార్డ్‌వేర్ స్టోర్‌లో టూ-బై-ఫోర్ చెక్కలు దొరుకుతాయి, 75 గ్యాలన్ ట్యాంకుకి నేనే చేసుకుందామని. ఇండియాలో మా నాన్న ట్యాంకు కింద థర్మాకోల్ వేసేవారు. నేను కూడా వెయ్యాలా?

జవాబు: ముందు ట్యాంకు అడుగు చూడండి, జవాబు అక్కడే ఉంది. మన దగ్గర ఎక్కువగా చేసేవి అంచు ఫ్రేము లేకుండా అద్దం అడుగు మొత్తం కిందకి ఆనేవి. వాటికి థర్మాకోల్ 10, 12 ఎంఎం తప్పకుండా కావాలి, ఇసుక రేణువో, ప్లైలో చిన్న బొడిపో ఉన్నా అద్దానికి తగలకుండా మింగేస్తుంది. మీ దగ్గర అమ్మే 75 గ్యాలన్ ట్యాంకుల్లో చాలావాటికి కింద నల్ల ప్లాస్టిక్ ఫ్రేము ఉంటుంది, అడుగు అద్దం ఆ ఫ్రేములో కాస్త పైకి ఎత్తుగా ఉంటుంది, బరువంతా అంచుల మీదే దిగాలి. అలాంటిదానికి థర్మాకోల్ వేస్తే ఫ్రేము దిగబడి మధ్యలో ఉన్న థర్మాకోల్ అడుగు అద్దాన్ని పైకి నెడుతుంది. కాబట్టి నాన్నగారు చేసింది ఆయన ట్యాంకుకి కరెక్టు, మీ దానికి వద్దు. థర్మాకోల్ ఏ స్టాండుకైనా చిన్న చిన్న లోపాల్నే కప్పుతుంది, వంగిన ఫ్రేముని సరిచెయ్యదు, అదీ గుర్తుపెట్టుకోండి.

ఆ టూ-బై-ఫోర్ నిజానికి ఒకటిన్నర అంగుళం × మూడున్నర అంగుళాలే ఉంటుంది, గీతలు గీసుకునేటప్పుడు ఆ కొలత వాడండి. పై ఫ్రేములో మూడున్నర వైపు నిలువుగా పెట్టండి, పడుకోబెట్టినదానికన్నా ఐదు రెట్ల పైన గట్టిగా ఉంటుంది. అమలాపురం ఆయనకి చెప్పినట్టే చెక్క మీద చెక్క కూర్చోవాలి. నిండాక 75 గ్యాలన్ ట్యాంకు 850 పౌండ్లు, మీ ఇల్లు కాంక్రీట్ పునాది మీద కింది అంతస్తయితే నేల గురించి ఆలోచించక్కర్లేదు, పై అంతస్తయితే కింద చెక్క జాయిస్టులు, అంటే నేలని మోసే దూలాలు ఏ వైపుకి ఉన్నాయో కనుక్కుని ట్యాంకు పొడవు వాటికి అడ్డంగా పెట్టండి, అప్పుడు బరువు ఒకట్రెండు జాయిస్టుల మీద కాకుండా మూడు నాలుగింటి మీద పడుతుంది.

ప్రశ్న: కాకినాడ. సముద్రపు గాలికి ఇనుప స్టాండు రెండేళ్లకే పొట్టు లేచిపోతోంది. ఏం పెయింట్ వెయ్యాలి?

జవాబు: పెయింట్ కన్నా ముందు చేసే పనే ముఖ్యం. వెల్డింగ్ మసి, తుప్పు ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడిచి, అదే రోజు ప్రైమర్ కొట్టాలి, తెల్లారి కొడదామంటే మీ ఊళ్లో రాత్రికి రాత్రే మళ్లీ తుప్పు పడుతుంది. రెడ్ ఆక్సైడ్ ఒక కోటు కాదు రెండు, దానిమీద ఎనామెల్ రెండు. పైపు చివర్లన్నీ రేకు ముక్కలతో మూయించండి, బయట ఎంత పెయింట్ వేసినా నీళ్లు పైపు లోపలికి దిగితే లోపల్నుంచి తింటుంది, అది కనపడదు. కింద ఫ్రేము నేలకి తగలకుండా రబ్బరు బుష్‌ల మీద ఎత్తి పెడితే తుడుచుకోడానికి కూడా వీలు. ఇనుప స్టాండు, నీళ్లు, కరెంటు మూడూ ఒకేచోట ఉంటాయి కాబట్టి స్టాండుకి ఎర్తింగ్ వైరు కట్టించండి, ఇంటి బోర్డులో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉందో లేదో చూసుకోండి. ప్లగ్గు బోర్డు ట్యాంకు కింద సరిగ్గా మధ్యలో కాకుండా పక్కకి, గోడకి ఎత్తుగా ఉండాలి, వైరు ప్లగ్గు దాకా వచ్చే ముందు ఒకసారి కిందకి వేలాడి పైకి వెళ్లేలా వదిలితే వైరు వెంట జారిన చుక్క ప్లగ్గులోకి కాకుండా నేల మీద పడుతుంది.

ప్రశ్న: నమస్తే అండి, మాది హన్మకొండ. స్టాండు మంచిగనే చేయించినం, ఆరు కాళ్లు, ప్లై, థర్మాకోల్ అన్నీ పెట్టినం. నీళ్లు పోసినంక చూస్తే ఎడమ పక్క నీళ్లు అంచుకు దగ్గర, కుడి పక్క దూరం. బాబు రోజూ ట్యాంకుకు ఆనుకుని నిలబడుతడు, భయమైతుంది. ఎడమ పక్క ట్యాంకు కింద అట్టముక్క పెట్టొచ్చా?

జవాబు: వద్దమ్మా, అట్టముక్క మాత్రం పెట్టొద్దు. ట్యాంకు కింద ఏది దూర్చినా ఆ ఒక్క చోటే అద్దం ఆని మిగతా పొడవంతా గాల్లో ఉంటుంది. ప్యాకింగ్ ఎప్పుడూ స్టాండు కాళ్ల కింద, నేలకీ కాలికీ మధ్య. అది కూడా నీళ్లతో ఉన్నప్పుడు జాకీలు పెట్టి ఎత్తకండి, నీళ్లు తీసెయ్యండి, చేపల్ని బకెట్లో అదే నీళ్లలో ఉంచి గాలి మోటారు పెట్టండి.

మీ స్టాండు తప్పు ఏం లేదు, మన ఇళ్లల్లో నేలకి బాత్రూమ్ వైపో గుమ్మం వైపో వాటం ఉంటుంది, కడిగిన నీళ్లు పోవాలని మేస్త్రీలు కావాలనే ఇస్తారు. ముందు నాలుగు మూలల్లోనూ అంచు నుంచి నీళ్ల దాకా స్కేలు పెట్టి కొలిచి రాసుకోండి. మీ ట్యాంకే మీకు రసమట్టం, అంతకన్నా ఖచ్చితమైనది మేస్త్రీ దగ్గర కూడా ఉండదు. ఎడమ రెండు మూలలు ఒకేలా, కుడి రెండు ఒకేలా ఉంటే అది ఉత్త వాటం, నాలుగడుగులకి ఒకటి రెండు ఎంఎం అయితే నేను వదిలేస్తా, ఐదు వస్తే మాత్రం సరిచేస్తా. ఒక కర్ణం మూలలు ఎత్తు, ఇంకో కర్ణం పల్లం అలా ఉంటే అది మెలి, అది ఒక్క ఎంఎం ఉన్నా నాకు నచ్చదు, అద్దాన్ని పిండేది అదే. మెలి చూడ్డానికి నీళ్లు తీసాక ఖాళీ స్టాండు మీద మూల నుంచి మూలకి రెండు దారాలు బిగువుగా కట్టండి, మధ్యలో రెండూ ఒకదాన్నొకటి సరిగ్గా రాసుకుంటే స్టాండు చదును, మధ్యలో సందు కనపడినా, ఒకటి ఇంకోదాన్ని కిందకి నొక్కినా మెలి. ఏ కాలు ఎత్తాలో దాని కింద ఇనుప రేకు ముక్కలు పెట్టండి, చెక్క చీలికలు వద్దు, తడికి నలుగుతాయి. ఆరు కాళ్లూ నేలకి గట్టిగా ఆనాలి, మధ్య కాళ్ల కింద కాగితం దూర్చి చూడండి, దూరితే ఆ కాలు పని చెయ్యట్లేదన్నమాట.

తర్వాత మళ్లీ పోసేటప్పుడు ఒక్కసారిగా కాదు, పావు వంతు పోసి ఒక గంట ఆగి నాలుగు మూలలు కొలవండి, సగం పోసి మళ్లీ, నిండాక ఒక రోజంతా వదిలి మళ్లీ. అంకెలు మారకుండా ఉంటేనే చేపలు. బాబు సంగతి, స్టాండు వెనక పై పట్టీ నుంచి గోడకి రెండు ఎల్ క్లాంపులు, గోడలోకి యాంకర్ బోల్టులతో బిగించండి, ఇటుక గోడలో గట్టి చోటు చూసి, ప్లాస్టరింగ్ పొరలో కాదు. స్టాండు తలుపులకి చిన్న గడియ కూడా పెట్టించండి, ఆ వయసు పిల్లలు తెరిచిన తలుపు మీద కాలు పెట్టి ఎక్కి చేపల్ని పలకరిస్తారు.